కడగని ట్రేలు

ఫైలు తిరగేస్తూ మత్తు డాక్టరు, "పోయినసారి ఈవిడకి వాంతులే లేవుగా" అన్నాడు.

నా తోటికోడలు నా వైపు చూసింది. నన్ను తిట్టే నోరు ఆమెకు పుష్కలంగా ఉంది, దాన్ని వాడటంలో ఏనాడూ లోటు చేయలేదు. ఆరోజు మాత్రం చూసి, తల దించుకుంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు పేషెంట్లను పరీక్షించే గది అది. ఒక బల్ల, మూడు కుర్చీలు, బరువు చూసే మిషను, గోడ మీద వెన్నెముక బొమ్మ. ఆరోజు సోమవారం. ఆమెకు ఆపరేషన్ గురువారం. నేను అదే ఆసుపత్రిలో ఆపరేషన్ వార్డు ఆయాను కనక, డ్యూటీ మధ్యలో అరగంట అడిగి తోడు వచ్చాను.

ఆమె మా మరిది భార్య, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. ఒకే ఇంట్లో కింద మేము, పైన వాళ్ళు. నేను కిటికీ తెరిస్తే ఆమె మూస్తుంది, నేను వద్దన్నది చేసి చూపిస్తే గాని ఆమెకు తోచదు. బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర పదిహేనేళ్ళుగా నిలబడి, ఆ నూలు దుమ్ము పీల్చి పీల్చి ఆయాసం తెచ్చుకుంది. రెండేళ్ళ క్రితం పేగు మెలిపడితే మా వార్డులోనే పొట్ట కోసి సరిచేశారు. నాలుగో రోజున కుట్లు విడిపోయాయి. మళ్ళీ కుట్టారు గాని సరిగా అతకలేదు. ఇప్పుడు నిలబడితే చాలు, పొట్ట మీద పెద్ద గుప్పెడంత ఉబ్బు తేలుతుంది. లోపల జాలీ లాంటిది వేసి గట్టిగా కుట్టాలన్నారు. "ఈసారీ విడిపోతే, మళ్ళీ కుట్టడానికి అక్కడ గట్టి కండ మిగలదమ్మా" అని పెద్ద డాక్టరుగారు ముఖం మీదే చెప్పేశారు.

ఎందుకు విడిపోయిందో నాకు తెలుసు. రెండు రోజులు వాంతులు. పొట్టలో ఏమీ లేకపోయినా డోకులు. ఒక్కో డోకుకూ కుట్ల మీద ఎంత లాగుడు పడుతుందో పక్కన నిలబడి చూసినవాళ్ళకు తెలుస్తుంది. నేను చూశాను. ఆమె నుదురు పట్టుకున్నది నేను, గడ్డం కింద ట్రే పెట్టింది నేను, ఆ ట్రే కడిగి బోర్లించింది కూడా నేనే.

ఫైల్లో మాత్రం రోజుకు మూడు చొప్పున ఆరు గళ్ళలోనూ ఒకటే మాట. వాంతులు లేవు. లేవు. లేవు.

"నాకా నడుం పైపు వద్దు డాక్టరుగారూ" అంది నా తోటికోడలు. "నొప్పి ఎంతైనా భరిస్తా. పైపు పెడితే నాకు వాంతులు ఆగవు. ఈసారి కుట్లు ఊడితే ఇక నేను లేవను."

నడుం పైపు అంటే వెన్నులోకి దారమంత సన్నటి గొట్టం పెట్టి, దానికి పంపు తగిలించి, నొప్పి తెలియకుండా మందు కొద్దికొద్దిగా పంపుతారు. పొట్ట నిలువునా కోసినవాళ్ళు కూడా హాయిగా కబుర్లు చెబుతారు. కాదనను, గొప్ప వస్తువే.

"మీకు పైపు ఉండాల్సిందేనమ్మా" అన్నాడు అతను. నా పెద్దకొడుకు వయసు ఉంటుంది, మాట మెత్తన. "మీకు ఆయాసం ఉంది. నొప్పికి భయపడి నిండుగా ఊపిరి తియ్యరు, దగ్గడం మానేస్తారు. కఫం లోపలే పేరుకుంటుంది. ఊపిరితిత్తులకి చేరిందంటే అది కుట్లకన్నా పెద్ద గొడవ."

"అయితే వాంతులు రాకుండా ముందే ఏదన్నా మందు ఇవ్వండి" అన్నాను నేను.

"వచ్చాక అడిగితే ఇస్తారు. అందరికీ ముందే ఇవ్వరు. మన వార్డులో పైపు పెట్టినవాళ్ళకి వాంతులయ్యేది నూటికి నలుగురికేనండి. నలుగురి కోసం వందమందికీ మందులెందుకని పెద్దవాళ్ళంతా కూర్చుని తేల్చారు."

నూటికి నలుగురట. రోజూ పొద్దున్న నేను కడిగే ట్రేలే నాలుగు దాటతాయి. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది.

"ఎవరు లెక్కపెట్టారు డాక్టరుగారూ?"

"చార్టుల్లోంచి తీశాం."

అప్పుడు వెలిగింది నాకు. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెబుతాను.

మా వార్డులో తొమ్మిదింటికి పెద్ద డాక్టరుగారి రౌండు. ఆయన వచ్చేలోగా కంటికి గాని ముక్కుకు గాని ఏదీ తగలకూడదని మా పెద్ద సిస్టరు పెట్టిన రూలు. ఎనిమిదిన్నరకు నర్సు చార్టులు పట్టుకుని మంచాల మధ్య ఒకసారి తిరుగుతుంది. పేషెంటు కునుకులో ఉంటాడు, లేపి అడగదు. స్టూలు మీద ట్రే ఉందా అని చూస్తుంది. ఉండదు. ఎందుకంటే ఆరింటికి డ్యూటీ ఎక్కిన నేను ఎనిమిదికల్లా అన్నీ కడిగి, ఆరబెట్టి, అద్దంలా చేసి పెడతాను. ఆమె "లేవు" అని రాసుకుని పోతుంది. మిగతా పూటల్లోనూ అదే తంతు. ఇరవై రెండేళ్ళుగా ఆసుపత్రి మొత్తానికి శుభ్రమైన వార్డు మాదే. అందరూ నన్ను ఫినాయిలమ్మ అంటారు. వెనక అనడం మొదలుపెట్టి ఇప్పుడు ముందే అంటున్నారు. ఆ పేరు చూసుకుని నేను మురిసిపోయేదాన్ని కూడా.

ఇంకో సంగతి ఉంది. వాంతి అయిందని తెలిస్తే నర్సులు ముందు పంపు ఆపేస్తారు. పంపు ఆగితే నొప్పి లేస్తుంది. ఈ మాట ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పాకి, కొత్తగా వచ్చినవాళ్ళకు కూడా మొదటి రోజే తెలిసిపోతుంది. అందుకే ఎవరూ సిస్టరుకు చెప్పరు. నా చెయ్యి పట్టుకుని, "చెప్పకు ఆయమ్మా, ఆపేస్తారు" అని బతిమాలతారు. పాపం అని నేను గప్‌చుప్‌గా తీసుకెళ్ళి కడిగేసేదాన్ని. పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాను. వార్డులో అందరి వాంతులనూ చూసింది నేనొక్కదాన్నే, అవి ఎవరికీ కనబడకుండా చేసింది కూడా నేనే.

"ఈవిడ ట్రేలు నేనే కడిగానండీ" అన్నాను. "రెండు రోజుల్లో పన్నెండో పదమూడో. ఎవరికీ చెప్పలేదు."

మత్తు డాక్టరు పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. నన్ను నమ్మాలనే ఉన్నట్టుంది. "కాగితం మీద ఒకటుంటే, మాట పట్టుకుని ఇంకోటి ఎలా రాయనమ్మా" అని కాసేపు నీళ్ళు నమిలి, "అడిగితే ఇచ్చేలా మందు రాస్తాను" అన్నాడు. పోయినసారీ రాసింది అదే.

వరండాలోకి వచ్చాక నా తోటికోడలు బెంచీ మీద కూలబడింది.

"నువ్వే కదే చెప్పొద్దన్నావు" అన్నాను.

"నేనన్నాను. మందు మత్తులో ఉండి అన్నాను" అంది. "నువ్వు మత్తులో లేవు కదక్కా."

అరగంట అయిపోయిందని నేను డ్యూటీకి వెళ్ళిపోయాను.

మర్నాడు పెద్ద సిస్టరు దగ్గరికి వెళ్ళి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఇలా ట్రేలు ముందే కడిగేస్తున్నాను, ఇలా చార్టులు తప్పుతున్నాయి, ముందు మీరు చూసి రాసుకోండి, తరవాత కడుగుతాను అని. ఆవిడ చెడ్డది కాదు. ముప్పై ఏళ్ళుగా నడుం వాల్చకుండా పనిచేసిన మనిషి. అయితే ఎవరైనా తన వార్డులో వేలు పెడితే సహించదు.

"చార్టులు రాయడానికి నర్సులున్నారు, ట్రేలు కడగడానికి నువ్వున్నావు" అంది. "ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నాం కాబట్టే ఈ వార్డు ఇలా ఉంది. నువ్వు నాకు నేర్పకు."

సరే, నేర్పను అనుకున్నాను.

బుధవారం ఉదయం ఆరింటికి డ్యూటీ ఎక్కాను. నేల తుడిచాను, కిటికీలు తుడిచాను, చెత్తబుట్టలు మార్చాను. ట్రేలు మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకోలేదంటే కడగలేదని. ఒక్కో ట్రే మీద కాగితం మూత వేసి, దాని మీద తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, మంచం నంబరు, వాంతి అయిన టైము రాశాను. ఎవరి ట్రే వాళ్ళ మంచం కాళ్ళవైపు స్టూలు మీద పెట్టాను. ముందు వాళ్ళనడిగే పెట్టాను. దొంగతనం కాదు కదా.

నాలుగో మంచం మీద రిటైరైన లారీ డ్రైవరు ఉండేవాడు. "నీ ట్రే కడగను, పరవాలేదా" అంటే, "నాదేముంది ఆయమ్మా, వాసనకి నేనే పారిపోవాలి, ఈ పైపు ఉండగా ఎక్కడికి పారిపోను" అన్నాడు. తరవాత నవ్వు తగ్గించి, "పంపు ఆపేస్తారేమో" అని గొణిగాడు.

"ఆపితే నన్ను పిలువు" అన్నాను. ఏం చేస్తానో నాకే తెలియదు. అయినా అన్నాను.

ఎనిమిదిన్నరకు పెద్ద సిస్టరు తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఏంటివి?"

"వాంతులు."

"కడుగు."

"తొమ్మిదిన్నరకి కడుగుతాను సిస్టర్."

"నేను చెప్తున్నాను. ఇప్పుడు కడుగు."

"చెప్పండి. నేను తొమ్మిదిన్నరకి కడుగుతాను."

ఆవిడ ముఖం కందిపోయింది. ఇన్నేళ్ళలో నేను ఆవిడకు ఎదురు మాట్లాడింది లేదు. ఆవిడే గబగబా వెళ్ళి మూడో మంచం దగ్గరి ట్రే అందుకుంది. నేను అడ్డం వెళ్ళలేదు. "మీరు కడిగినా పరవాలేదు సిస్టర్" అన్నాను. "కడిగే ముందు చార్టులో ఒక్క ముక్క రాసి కడగండి."

ఆవిడ మూత మీద ప్లాస్టరు ముక్క చదివింది. ఏమనుకుందో గాని తిరిగి స్టూలు మీదే పెట్టేసి, టేబుల్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

తొమ్మిదింటికి రౌండు వచ్చింది. ముందు పెద్ద డాక్టరుగారు, వెనక చిన్న డాక్టర్లు, వాళ్ళ వెనక మత్తు డాక్టరు. పెద్ద డాక్టరుగారు రెండడుగులు వేసి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. "ఏమిటిది, ఇది వార్డా ఇంకోటా?"

పెద్ద సిస్టరు నోరు తెరిచేలోపు నేను ముందుకొచ్చాను. "నేనే పెట్టానండి. నూటికి నలుగురని చెబుతున్నారు. ఆ నలుగురూ వీళ్ళేనేమో ఒకసారి లెక్క చూసుకోండి."

మత్తు డాక్టరు ఒక్కో స్టూలు దగ్గరికి వెళ్ళి, మూత ఎత్తి చూసి, ప్లాస్టరు మీద ఉన్నది బయటికి చదవడం మొదలుపెట్టాడు. "మూడో నంబరు, ఆరున్నర. మూడో నంబరు, ఏడుంబావు. నాలుగో నంబరు, ఆరుంబావు." చదివి, ఆ మంచం చార్టు తీసి చూశాడు. తరవాత ఇంకోటి. పదకొండు ట్రేలు. పంపులున్నవాళ్ళు తొమ్మిదిమంది, అందులో ఆరుగురివి ఆ ట్రేలు. ఆ రోజు చార్టుల్లో ఆ గళ్ళు ఇంకా ఖాళీ. నిన్నటివి, మొన్నటివి చూస్తే మాత్రం అన్నింట్లోనూ "లేవు". అతని చెవులు ఎర్రబడ్డాయి.

పెద్ద డాక్టరుగారికి మాత్రం నా మీదే మండింది. "చెప్పాలనుకుంటే చెప్పడానికి పద్ధతులున్నాయి" అని, పెద్ద సిస్టరు వైపు తిరిగి, "ఈవిడకి మెమో ఇవ్వండి" అన్నారు. మధ్యాహ్నానికల్లా మెమో చేతికొచ్చింది. సోమవారంలోగా క్షమాపణ రాసివ్వాలి, లేకపోతే లాండ్రీకి బదిలీ. మడిచి జేబులో పెట్టుకుని, మాటిచ్చినట్టే తొమ్మిదిన్నరకే కడిగేసిన ట్రేలను ఇంకోసారి తుడిచాను. చేతులకు ఏదో ఒక పని లేకపోతే ఏడుపొచ్చేలా ఉంది.

పన్నెండింటికి మత్తు డాక్టరు ఒక్కడే మళ్ళీ వచ్చాడు. స్టూలు లాక్కుని ఒక్కో మంచం పక్కన కూర్చుని మాట్లాడాడు.

"మరి సిస్టరుకి ఎందుకు చెప్పలేదండీ?" అని డ్రైవరును అడిగాడు.

"పంపు ఆపేస్తారంట కద సార్."

"ఎవరన్నారు?"

"ఐదో నంబరాయన."

ఐదో నంబరాయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. మత్తు డాక్టరు నర్సు వైపు చూశాడు. "అవున్సార్, ఆపుతాం" అంది ఆమె. "వాంతైతే ఆపి పిలవమని మీరే కదా మొదట్లో చెప్పింది." అతను తల ఊపి, స్టూలు తరవాతి మంచం దగ్గరికి లాక్కున్నాడు. తప్పు తనదని తెలిశాక అక్కడి నుంచి లేచి పోకపోవడం నాకు నచ్చింది.

ఆ మధ్యాహ్నమే నా తోటికోడలు అడ్మిట్ అయింది. పన్నెండో మంచం. అతను ఆమెనూ అడిగాడు, ఈసారి ఫైలు తెరవకుండా. బస్సెక్కితే కడుపులో తిప్పుతుందా? ఆమె బదులు నేనే చెప్పాను, బస్సు పేరెత్తితేనే తిప్పుతుందని. ఆమె నన్ను గిల్లింది. పోయినసారి ఎన్ని రోజులయ్యాయి, ఎన్నిసార్లు, కడుపు ఖాళీ అయ్యాక కూడానా? సిగరెట్టు కాలుస్తారా? ఆ ప్రశ్నకు మేమిద్దరం నోరెళ్ళబెడితే, కాల్చనివాళ్ళకే వాంతులు ఎక్కువని చెప్పాడు. ఆడవాళ్ళకు కూడా ఎక్కువట. ఇక పంపులో మందే కడుపులో తిప్పే రకమట.

"మీకు అన్నీ కలిసొచ్చాయమ్మా" అన్నాడు. "ముందే ఇస్తాం. ఆపరేషన్ మొదట్లో ఒక ఇంజెక్షన్, చివర్లో ఇంకో రకం. తరవాత రెండ్రోజులు మీరడిగినా అడక్కపోయినా టైముకి ఇస్తారు. పంపులో ఆ తిప్పే మందు తగ్గిస్తాను. అయినా వాంతైతే వెంటనే చెప్పండి. పంపు ఆపరు. ముందు ఎందుకైందో చూస్తారు."

అదంతా చార్టులో రాసి, అడుగున సంతకం పెట్టి, ఆ కాగితం నాక్కూడా చూపించాడు. నాకు చూపించాల్సిన పని లేదు. చూపించాడు.

గురువారం ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ సాయంత్రం ట్రే పొడిగా ఉంది. శుక్రవారం కూడా పొడిగానే ఉంది. ఆమె రెండు గుక్కల నీళ్ళు తాగి, మా మరిది తెచ్చిన దువ్వెన బాగాలేదని వంక పెట్టింది. వంక పెట్టిందంటే కోలుకుంటున్నట్టే. నాకు ప్రాణం కుదుటపడింది.

శనివారం ఉదయం ఆమెను మొదటిసారి లేపి మంచం అంచున కాసేపు కూర్చోబెట్టారు. పది గంటలప్పుడు నేను ఆ వైపు తుడుచుకుంటూ వెళ్తే, నా ముక్కుకు వాసన తగిలింది. ఇరవై రెండేళ్ళ ముక్కు. ఏ ఫినాయిలూ దాన్ని మోసం చేయలేదు.

ట్రే చూశాను, పొడిగా ఉంది. ఆమె ముఖం చూశాను, సున్నం కొట్టినట్టుంది. నుదుటి మీద చెమట.

"ఎప్పుడైంది?"

"ఏది?"

"నా ముక్కుతో ఆడకు. ఎప్పుడైంది?"

ఆమె కళ్ళు మూసుకుంది. నేను దిండు కింద చెయ్యి పెట్టాను. తువ్వాలు ఉండ చుట్టి ఉంది, తడిగా.

"అరిచి గోలచేసి మందులు రాయించావు" అంది, గొంతు పీలగా. "మెమో తెచ్చుకున్నావు. ఇంత చేసీ వాంతి అయిందంటే అందరూ నిన్ను చూసి నవ్వరా? ఒక్కటే కదక్కా. సోమవారం దాకా గడిస్తే చాలనుకున్నా."

అరికాలి మంట నెత్తికెక్కింది. నన్ను కాపాడటానికి తన ప్రాణం మీదికి తెచ్చుకుంటోంది ఈ మొండిది.

అబద్ధం ఎందుకు, ఆ తువ్వాలు చేతిలో పట్టుకుని నేను అర నిమిషం నిలబడ్డాను. కడిగే గది పది అడుగుల్లో ఉంది. కుళాయి కింద పెడితే అయిపోయేది. చార్టులో సోమవారం దాకా "లేవు, లేవు" అనే ఉండేది. నేను గెలిచినట్టుండేది. పెద్ద డాక్టరుగారి ముందు తలెత్తుకుని నిలబడేదాన్ని. అర నిమిషమే. కానీ ఆ అర నిమిషంలో నాలో పాత ఫినాయిలమ్మ బతికే ఉందని తెలిసింది.

తిరిగి, తువ్వాలు పట్టుకుని వార్డు మధ్యలోంచి నడిచి, పెద్ద సిస్టరు టేబుల్ మీద పెట్టాను. కాగితాల పక్కనే.

"పన్నెండో నంబరుకి వాంతైంది. రాసుకోండి. మనిషి తెల్లగా పాలిపోయింది, వచ్చి చూడండి."

ఆవిడ తువ్వాలు చూసి ముఖం చిట్లించలేదు. లేచి పరుగెత్తింది. బీపీ చూస్తే పైది ఎనభై దగ్గరుంది. ఫోను చేస్తే మత్తు డాక్టరు రెండేసి మెట్లు దిగుతూ వచ్చాడు. మంచం కాళ్ళవైపు ఎత్తారు, సెలైను వేగం పెంచారు. పంపు వేగం తగ్గించాడు, ఆపలేదు. పొట్ట నొక్కి చూశాడు, కట్టు మీద రక్తం మరకలేమైనా ఉన్నాయేమో చూశాడు. లేవు.

"ఇది మందు తిప్పిన వాంతి కాదు" అన్నాడు కాస్త ఊపిరి తీసుకుని. "ఒంట్లో నీళ్ళు చాలక, కూర్చోబెట్టేసరికి బీపీ పడిపోయింది. ముందు కడుపులో తిప్పుతుంది, తరవాత కళ్ళు తిరుగుతాయి. పదకొండింటికి ఈవిడని నడిపించాలని రాసి ఉంది. లేచి నిలబడి ఉంటే బోర్లా పడేది."

బోర్లా, ఆ పొట్ట మీద. నేను మంచం కమ్మీ గట్టిగా పట్టుకున్నాను.

అరగంటలో ఆమె పెదాలకు రంగొచ్చింది. "దాచినందుకు నీ సంగతి ఇంటికెళ్ళాక చెబుతా" అన్నాను. "ఇప్పుడు చెప్పు, ఇంటికెళ్ళాక నేను వినను" అంది.

సోమవారం రౌండులో పెద్ద డాక్టరుగారు స్వయంగా కట్టు విప్పారు. నాలుగో రోజు. రెండేళ్ళ క్రితం ఇదే నాలుగో రోజున ఇదే కట్టు విప్పితే లోపల ఏం కనిపించిందో నేను చూశాను. ఈసారి చూడలేక కిటికీ వైపు తిరిగాను.

"పొడిగా ఉంది" అన్నారు ఆయన. "బాగా పట్టింది."

నేను ఇటు తిరిగాను. కుట్టు సన్నగా, నిటారుగా, ఒక్క చుక్క తడి లేకుండా ఉంది.

ఆయన చేతులు తుడుచుకుంటూ నన్ను చూశారు. మంచి మనసుతోనే అన్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. "అంతా సవ్యంగా అయింది కదా. ఇకనుంచి అందర్నీ అడిగి ముందే మందులిస్తామని కూడా అనుకున్నాం. నువ్వొక క్షమాపణ రాసిచ్చెయ్యి, మెమో నేను చింపేస్తాను."

"ఏమని రాయాలండి?"

"ఆ రోజు ట్రేలు కడక్కపోవడం తప్పని."

"అది రాయలేనండి" అన్నాను. "కావాలంటే ఇన్నేళ్ళూ కడగడం తప్పని రాస్తాను. ఆ ఒక్కరోజు మాత్రం తప్పు కాదు. అవసరమైతే ఇంకోసారి కూడా వదిలేస్తాను."

చిన్న డాక్టర్లు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. పెద్ద డాక్టరుగారు ఏదో అనబోయారు. పన్నెండో మంచం మీద నుంచి నా తోటికోడలు గొంతు వినిపించింది.

"డాక్టరుగారూ, శనివారం వాంతి దాచింది నేను. ముందుకు తెచ్చి పెట్టింది మా అక్క. క్షమాపణ ఎవరన్నా రాయాలంటే నా చేత రాయించుకోండి."

ఆయన తరవాతి మంచానికి వెళ్ళిపోయారు. రెండింటికి బదిలీ కాగితం వచ్చింది. మంగళవారం నుంచి లాండ్రీ. సంతకం పెట్టి తీసుకున్నాను.

లాండ్రీ కింది అంతస్తులో. పెద్ద మిషన్లు, ఆవిరి, గుట్టలుగా దుప్పట్లు. నోరు విప్పితే ఎవరికీ వినిపించదు, అదొక్కటే నాకు కష్టం. శుక్రవారం నేను దుప్పట్లు మడతపెడుతుంటే తలుపు దగ్గర నా తోటికోడలు నిలబడి ఉంది. డిశ్చార్జి కాగితాలు ఒక చేతిలో, పొట్టకు అదుముకున్న దిండు ఇంకో చేతిలో. మా మరిది వద్దంటున్నా వరండా అంతా నడిచి, మెల్లగా మెట్లు దిగి వచ్చిందట. దాని పద్ధతే అంత.

"కొత్తగా వచ్చినావిడ పొద్దున్న ట్రే కడగబోయింది" అంది. "పెద్ద సిస్టరు ఆగమంది. తనొచ్చి చూసి, రాసుకుని, అప్పుడు కడగమంది."

నేను దుప్పటి మడత ఆపలేదు. ఆపితే నా ముఖం చూస్తుంది.

"నా వల్లే కదక్కా నువ్విక్కడ పడ్డావు."

"నోర్మూసుకో" అన్నాను. "ట్రేలు కడగనందుకు వాళ్ళు నాకీ శిక్ష వేశారు. రెండేళ్ళ కిందట నీ ట్రేలు కడిగినందుకు ఎవరూ వెయ్యలేదు. ఇది దానికే అనుకుంటున్నాను."

ఆమెకు మిషన్ల వేడికో ఆవిరికో గాని దగ్గు వచ్చింది. రెండు చేతులతో దిండు పొట్టకు ఒత్తిపట్టుకుని దగ్గింది, లోపల ఉన్నదంతా బయటికి వచ్చేలా, గట్టిగా, నిండుగా. నేను చేతిలో దుప్పటి వదిలేసి ఆమె నడుం పట్టుకుని, దగ్గు ఆగేదాకా అలాగే నిలబడ్డాను. కుట్టు కదల్లేదు.